వెనుదిరిగే దారికీ అనుమతి కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల అటవీ శాఖల ప్రధాన ముఖ్య సంరక్షణాధికారులకు,

తెలుగు నేల మీద గుంపులుగా కొండలెక్కడం తరతరాల అలవాటే అయినా, ఆ నడక సాగే రుతువు మాత్రం ఈ మధ్య కాలంలో మారిపోయింది. తిరుమల శేషాచలం అడవుల్లోని తుంబురు తీర్థానికి యాత్రికులు నడిచి వెళ్లేది ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి. నల్లమలలో లోయలోకి దిగి చేరుకోవలసిన సలేశ్వరం లింగమయ్య జాతర జరిగేది చైత్ర పౌర్ణమికి. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరుతో ముగిసి, నైరుతి రుతుపవనాలు జూన్‌లో గాని మొదలుకాని ఆ నడిమి కాలంలో కోనల్లో నీరు సన్నని ధారగా మిగులుతుంది, పాచి ఎండి రాళ్లు కాలికి పట్టునిస్తాయి. తిథి నిర్ణయానికి పురాణాలు చెప్పే కారణాలు వేరే ఉన్నా, వేలమందిని అడవిలోకి నడిపించిన పెద్దలు వాగుల తీరును కూడా లెక్కలోకి తీసుకున్నారనుకోవడం అసంగతం కాదు. ఇప్పటి మిత్రబృందాల పంచాంగం వేరు. జలపాతాన్ని నిండుగా దూకే వేళలోనే చూడాలి గనుక జూలై, ఆగస్టుల్లో ములుగు, ఆదిలాబాద్, అల్లూరి సీతారామరాజు జిల్లాలకు, అక్టోబరు, నవంబరుల్లో నాగలాపురం, తలకోన కొండలకు శని, ఆదివారాల్లో ప్రయాణం పెట్టుకుంటున్నారు. పాత జాతరలు తప్పించుకున్న రుతువులోనే కొత్త జాతర సాగుతోందన్నమాట. అటువంటి బృందాల చేతికి అనుమతి పత్రం ఇచ్చేది అటవీ శాఖ గనుక, ఆ పత్రంలో ఇప్పుడు లేనిది ఏది ఉండాలన్న విషయాన్ని ఇరు రాష్ట్రాల శాఖాధిపతుల ముందు, పాఠకుల సమక్షంలో, ఉంచడం ఈ లేఖ ఉద్దేశం.

2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం సమీపంలోని ముత్యాలధార జలపాతం చూడడానికి వెళ్లిన సుమారు 80 మంది, తిరుగుదారిలో వాగు పొంగడంతో అవతలి ఒడ్డునే చిక్కుకుపోయారు. దాటే ప్రయత్నం చేయవద్దని అధికారులు ఫోనులో వారించగా వారంతా అడవిలోనే ఉండిపోయారు. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం చీకట్లో అడవిలోకి వెళ్లి, తెల్లవారేసరికి వారిని క్షేమంగా బయటికి తీసుకువచ్చింది. సుఖాంతమైంది గనుక ఆ ఘటన త్వరగానే మరుగున పడింది గాని, మరుసటి ఉదయానికి తేలిన వాన లెక్కను దాని పక్కన పెట్టి చూస్తే గాని దాని అసలు బరువు తెలియదు. జూలై 27 ఉదయం 8:30తో ముగిసిన 24 గంటల్లో అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. భారత వాతావరణ విభాగం పరిభాషలో ఒక రోజు వాన 64.5 మిల్లీమీటర్లకు చేరితే భారీ వర్షం, 115.6కు చేరితే అతి భారీ వర్షం, 204.5కు చేరితే అత్యంత భారీ వర్షం. లక్ష్మీదేవిపేటలో కురిసింది ఆ చివరి మెట్టుకు మూడు రెట్లు దాటిన వాన. ఆ 80 మంది ఆ రాత్రి వాగు దాటే ప్రయత్నం చేసి ఉంటే ఏమయ్యేదో ఊహకు వదిలివేయడమే మేలు.

కొండ నడకలో వాన ప్రమాదమంటే జారిపడడమని సామాన్యంగా అనుకుంటారు. నిజానికి తూర్పు కనుమల్లో, శేషాచలంలో, నల్లమలలో తొలి ప్రమాదం నీరే. దానికి ప్రాంతానికొక పేరుంది: తెలంగాణలో వాగు, రాయలసీమలో వంక, ఉత్తరాంధ్రలో గెడ్డ, నిటారైన రాతి గోడల నడుమ అది పారే ఇరుకు లోయ కోన. పల్లెల్లో వాగు పెరిగిందని గాని, నీటిమట్టం హెచ్చిందని గాని అనరు, ‘వాగొచ్చింది’ అంటారు. అంతకు ముందు అక్కడ లేనిది ఎక్కడి నుంచో నడిచి వచ్చినట్టు చెప్పే ఆ మాటలో, జలశాస్త్రం ఆకస్మిక వరద అని పిలిచే దాని స్వభావమంతా ఉంది. వాన కురిసేది పైన, వరద తగిలేది కింద. నడుస్తున్న వారి నెత్తిన ఎండ కాస్తుండగానే వాగు రావచ్చు. శేషాచలం, నాగలాపురం కొండల్లోని క్వార్ట్జైట్, అంటే ఇసుకరాయి భూగర్భంలోని వేడికీ ఒత్తిడికీ గట్టిపడి ఏర్పడిన శిల, నీటిని దాదాపు ఇంకించుకోదు గనుక పైన పడిన చినుకులో అధిక భాగం సూటిగా కోనలోకే దిగుతుంది. దానికి తోడు, తేమ నిండిన గాలి కొండకు తగిలి పైకి లేచి చల్లబడి అక్కడే కురిసే వాన ఒకటుంది. దీన్ని పర్వతీయ వర్షం అంటారు. మండల కేంద్రంలోని వర్షమాపకంలో నాలుగు చినుకులు పడిన రోజునే నెత్తిన ఉన్న గట్టు మీద కుంభవృష్టి కురవడానికి కారణం ఇదే.

వాగు రాబోయే ముందు గుర్తులు కనిపిస్తాయి. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టగలిగేలా తేటగా ఉన్న నీటికి మొదట టీ రంగు వస్తుంది. దాని మీద ఎండుటాకులు, పుల్లలు, తెల్లని నురగ తేలి వస్తాయి. గాలిలో పచ్చి మట్టి వాసన పెరుగుతుంది. ఆ తరువాత ఎగువ నుంచి రాళ్లు ఒకదానికొకటి తగిలే గుడగుడ శబ్దం వినిపిస్తుంది. రంగు మారినప్పుడే గట్టెక్కినవారికి వ్యవధి ఉంటుంది, శబ్దం దాకా ఆగినవారికి ఉండకపోవచ్చు. ప్రవాహ వేగం రెట్టింపయితే అది మనిషి కాళ్ల మీద చూపే తోపు నాలుగు రెట్లవుతుంది గనుక, వడిగా పారే నీరు చీలమండ దాటి ఒక జానెడు లోతున్నా పెద్దవారిని పడగొట్టగలదు. అయినా ఫొటోల కోసం మడుగు అంచున నిలబడిన పాతికమందిలో నీటి రంగును గమనించేది సాధారణంగా ఒక్కరే, ఆ ఒక్కరు చెంచు వాచరో, కోయ వాచరో అయి ఉంటారు. అతడు లేని బృందంలో ఆ ఒక్కరూ ఉండరు.

రెండో ప్రమాదం చలి. దీన్ని తెలుగు రాష్ట్రాల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మంచు పడని చోట చలికి మనిషి పోవడమేమిటన్న సందేహం సహజమే. ఉత్తరాఖండ్‌లోని సహస్ర తాల్ దారిలో 2024 జూన్ తొలి వారంలో మంచు తుపానుకు చిక్కిన 22 మంది బృందంలో 9 మంది మరణించినప్పుడు, అది హిమాలయాల సంగతి అనుకుని తెలుగువారు నిట్టూర్చి ఊరుకున్నారు. అయితే ఈ విషయంలో చిరకాలం నిలిచే పాఠం చెప్పింది హిమాలయం కాదు, ఇంగ్లండులోని డెర్బీషైర్ గుట్టలు. 1964 మార్చి 14, 15 తేదీల్లో అక్కడ ‘ఫోర్ ఇన్స్’ అనే నడక పోటీ జరిగింది. పాత సత్రాలను కలుపుతూ అరవై కిలోమీటర్లకు పైబడి సాగే ఆ దారిలో యువ స్కౌట్లు చిన్న చిన్న జట్లుగా నడిచారు. వాన, గాలి ఒక్కటై కమ్ముకోగా వారిలో ముగ్గురు మరణించారు. ఆ ప్రాంతంలో అన్నిటికన్నా ఎత్తయిన కిండర్ స్కౌట్ 636 మీటర్లే. అల్లూరి జిల్లాలోని జిందగడ శిఖరం దాదాపు 1690 మీటర్లు. ప్రాణం తీయడానికి కొండ ఎత్తుగా ఉండనక్కరలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. 1953 ఎవరెస్ట్ యాత్రలో శరీరధర్మ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన గ్రిఫిత్ ప్యూ ఈ మరణాలను పరిశీలించి అదే సంవత్సరం ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించాడు. తడి, గాలి కలిసినప్పుడు దుస్తులు వేడిని నిలిపే గుణాన్ని చాలావరకు కోల్పోతాయనీ, నడిచేటప్పుడు కండరాలు పుట్టించే వేడి ఆ లోటును కొంతసేపు పూడుస్తుందనీ, అలసి నడక మందగించిన క్షణం నుంచి ఆ పూడిక ఆగి శరీరం వేగంగా చల్లబడుతుందనీ ఆయన పరిశోధనలు చూపాయి. శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గే ఈ స్థితిని వైద్యులు హైపోథెర్మియా అంటారు. అల్పోష్ణ స్థితి అనీ అనవచ్చు.

ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు గాలి సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా శరీరపు వేడిని లాగేస్తుంది. పాడేరు పైన ఏ గట్టు మీదనో నూలు చొక్కా, జీన్సు ప్యాంటు తడిసి ఒంటికి అతుక్కున్న పాతికేళ్ల కుర్రవాడు సాయంత్రం వేళ గాలిలో రెండు గంటలు కదలకుండా కూర్చుంటే, అక్కడ మంచు లేకపోయినా ఒంట్లో వేడి తరుగుతూనే ఉంటుంది. లక్షణాలు చాలా మామూలుగా మొదలవుతాయి. సంచి జిప్పు పట్టు దొరకదు, బిస్కెట్ పొట్లం చింపడానికి వేళ్లు సహకరించక పళ్లతో చింపుతాడు, చదునైన చోట తడబడతాడు, మాట ముద్దగా వస్తుంది, ఏమడిగినా విసుక్కుంటాడు. స్నేహితులు దీన్ని అలసట అనుకుని ఆటపట్టిస్తారు. వణుకు ఆగిపోయినప్పుడు కుదుటపడ్డాడనుకుంటారు. అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు అదే, ఎందుకంటే వణకడానికి కూడా శక్తి చాలనప్పుడే వణుకు ఆగుతుంది. ఈ ఐదారు లక్షణాలను కంటికి కనిపించే బొమ్మలతో అనుమతి పత్రం వెనుక అచ్చువేస్తే అయ్యే ఖర్చు లెక్కించదగినది కాదు.

పిడుగుల సంగతి ఇంత వివరంగా చెప్పనక్కరలేదు. మెరుపుకూ ఉరుముకూ నడుమ 30 సెకన్లకు మించి ఎడం లేకపోతే పిడుగు పది కిలోమీటర్ల లోపే పడుతోందని అర్థం. గట్టు దిగి, ఒంటరి చెట్టుకు దూరంగా, మనిషికీ మనిషికీ ఎడం పాటిస్తూ, చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ ముందుగానే హెచ్చరిస్తుంది, అడవిలో సిగ్నల్ ఉంటే.

ఇవన్నీ తెలిసిన బృందాలు కూడా ముందుకే నడుస్తాయన్నది ఈ లేఖలో ప్రధానమైన మాట. దానికి కారణం అజ్ఞానం కంటే మొహమాటం. ఎదుటివారి ముఖం చిన్నబోకూడదని తనకు ఇష్టం లేనిదానికి తలూపే గుణం పెళ్లి పందిట్లో మరో గరిటె పులిహోర దగ్గర ముచ్చటగానే ఉంటుంది గాని, పొంగుతున్న వాగు ఒడ్డున అదే గుణం ప్రాణాంతకమవుతుంది. పన్నెండు మంది స్నేహితుల్లో ఎనిమిది మందికి వెనక్కి పోదామని ఉన్నా, ఆ మాట మొదట అన్నవాడు పిరికివాడవుతాడన్న శంకతో ప్రతివాడూ రెండోవాడి కోసం ఎదురు చూస్తాడు. ఆ మౌనాన్ని అందరూ అంగీకారంగా చదువుకుంటారు. మూడు నెలల ముందు వాట్సాప్‌లో కుదిరిన తేదీ, సెలవు అడగలేక అడిగిన ఆఫీసు, మినీ బస్సుకు కట్టిన అడ్వాన్సు, తిరిగిరాని ప్రవేశ రుసుము, ఇవన్నీ ఆ మౌనానికి మరింత బరువు చేరుస్తాయి. ఖర్చయిపోయిన సొమ్మును వృథా పోనివ్వరాదని మరింత నష్టానికి సిద్ధపడే ఈ బుద్ధిని అర్థశాస్త్రంలో మునిగిన వ్యయపు భ్రమ అంటారు. వాగు దగ్గర ఆ మాటలోని ‘మునిగిన’ పదానికి మరో అర్థం రావడం ఒక విషాదం.

శాఖాధిపతులు గమనించవలసిందేమంటే, మొహమాటాన్ని ఉత్తర్వుతో రద్దు చేయడం ఎవరివల్లా కాకపోయినా, దానికి బరువునిస్తున్న నాలుగింటిలో ఒకటైన రుసుము శాఖ చేతిలోనే ఉంది. ఒక తేదీకి కట్టించుకున్న రుసుము, ఆ తేదీన జిల్లాకు వాతావరణ విభాగం నారింజ లేదా ఎరుపు రంగు హెచ్చరిక జారీ చేసినా, సగం దారిలో వాన వల్ల బృందం వెనుదిరిగినా, అడగకుండానే మరో తేదీకి చెల్లుబాటయ్యేలా నియమం చేస్తే, వెనక్కి పోదామనేవాడి నోటికి ఒక సాకు దొరుకుతుంది. మొహమాటపు సమాజంలో సాకుకు ఉన్న విలువ తక్కువది కాదు; ‘భయం వేసి’ అనడం కష్టం, ‘టికెట్ ఎలాగూ వచ్చే నెలకు పనికొస్తుంది’ అనడం తేలిక.

ఇంతకంటే ముఖ్యమైనది దారి చూపే మనిషి కూలి. వెంట వచ్చే గైడు, వాచరు, వన సంరక్షణ సమితి సభ్యుడు గమ్యం చేర్చినందుకే కూలి, ఆపైన బహుమానం పొందే ఏర్పాటు ఎక్కడ ఉంటే అక్కడ, కొండను అందరికన్నా బాగా ఎరిగినవాడికే వెనక్కి తిప్పడం వల్ల నష్టం కలుగుతుంది. పట్నం నుంచి వచ్చి ‘అన్నా, ఇంకొంచెమే కదా’ అని బతిమాలే పాతికమంది ముందు ఒక చెంచు యువకుడు వద్దని నిలబడాలంటే, అతడి మాటకు పత్రం మీద అధికారం, అతడి జేబుకు హామీ రెండూ ఉండాలి. వెనక్కి తెచ్చిన రోజుకూ పూర్తి కూలి చెల్లించాలి, వీలైతే కొంత అదనంగా కూడా. వెనుదిరగమన్న గైడు మాటే తుది మాట అని, దాన్ని మీరిన బృందానికి ఆ ఏడాది మరో అనుమతి దొరకదని పత్రం మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

పత్రం మీద ఉండవలసిన మరో అంశం వెనుదిరిగే గడియ, అనగా గమ్యం చేరినా చేరకపోయినా బృందమంతా వెనక్కి తిరగవలసిన సమయం. దీన్ని లెక్కకట్టడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నెయ్‌స్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: చదునైన దారిలో 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్లకు అదనంగా మరో గంట. రానూపోనూ 12 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు ఉన్న దారికి ఈ లెక్కన మూడు గంటల ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది. అయితే ఇది ఆరిన దారిలో అలవాటుపడిన ఒంటరి నడకరి లెక్క. వానలో, నునుపురాళ్ల మీద, తొలిసారి వచ్చిన ఇరవై మందికి రెట్టింపు వేసుకున్నా అతి కాదు, ఎందుకంటే బృందం వేగం అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడి వేగమే. పైగా వాగు దాటడానికి మనిషికి నిమిషంన్నర పట్టినా ఇరవై మందికి ఒక్కో దాటుకు అరగంట. నాగలాపురం వంటి చోట ఒకే వంకను పలుమార్లు దాటవలసి ఉంటుంది. నవంబరు చివర తిరుపతి ప్రాంతంలో సూర్యాస్తమయం 5:40 ప్రాంతంలోనే అయినా, కోన అడుగున వెలుతురు అంతకు గంట ముందే పోతుంది. ఉదయం పదింటికి టిఫిన్ ముగించి బయలుదేరే స్నేహితుల లెక్కల్లో ఇవేవీ ఉండవు. దారివారీగా, నెలవారీగా ఈ గడియను నిర్ణయించి పత్రం మీద ముద్రించడానికి ఒక బీట్ ఆఫీసరు, ఒక వాచరు, ఒక వారం రోజులు చాలు.

వానాకాలమంతా దారులు మూసివేస్తే ఈ తంటా ఉండదు కదా అన్న ప్రశ్న శాఖలో తప్పక లేస్తుంది. పులుల అభయారణ్యాల్లో వన్యప్రాణుల కోసం చేసే మూసివేత సమంజసమే. వాజేడు మండలంలోని బొగత వద్ద వరద ఎక్కువైనప్పుడు సందర్శకులను ఆపడం, 2024 అక్టోబరులో భారీ వర్ష సూచనతో శ్రీవారి మెట్టు నడకదారిని మూయడం కూడా సరైన నిర్ణయాలే. అయితే గేటు ఉన్న చోటనే మూసివేత పనిచేస్తుంది. గేటు లేని కొండకు ఆరు నెలల నిషేధం విధిస్తే, గైడును తీసుకుని పేరు రాయించి వెళ్లే బృందం ఆగిపోతుంది, గూగుల్ మ్యాప్ పట్టుకుని పొలాల వెనుక నుంచి ఎక్కే బృందం ఆగదు. తమిళనాడు అనుభవం ఇక్కడ గమనించదగినది. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చుకు ట్రెక్కింగ్ బృందాల్లోని ఇరవై మందికి పైగా బలైన తరువాత ఆ రాష్ట్రం అదే ఏడాది ట్రెక్కింగ్‌కు ప్రత్యేక నియమాలు చేసింది. 2024లో 40 దారులను ఎంచి, స్థానికులను గైడ్లుగా పెట్టి, ఆన్‌లైన్ నమోదుతో తానే నడిపే పథకం తెచ్చింది. డెర్బీషైర్‌లోనూ 1964 తరువాత నడక ఆగలేదు. ఆ ప్రాంతపు గాలింపు దళాలన్నీ ఒక సంస్థ కిందికి వచ్చాయి, ఆ పోటీ నేటికీ జరుగుతోంది.

పత్రం, రుసుము, కూలి, గడియ అన్నీ కాగితం మీది పనులు గనుక వాటికి ఫైలు నడవాలి, ఫైలు ఎంత వేగంగా నడుస్తుందో శాఖాధిపతులకు తెలియనిది కాదు. ఈలోగా ఫైలు అక్కరలేని పని ఒకటుంది. అనుమతి ఉన్న ప్రతి దారిలోనూ, ప్రతి దాటు దగ్గరా, అందరికీ కనిపించే ఒక బండ మీద ఎర్ర రంగుతో అడ్డంగా ఒక గీత గీసి, ‘నీరు ఈ గీతను తాకితే దాటరాదు’ అని కింద రాయించాలి. ఆ గీత ఏ ఎత్తున ఉండాలో చెప్పడానికి హైదరాబాదు నుంచో, మంగళగిరి నుంచో నిపుణులు రానక్కరలేదు. పోయిన వానాకాలం పొదల కొమ్మల్లో ఎండుగడ్డి ఏ ఎత్తున చిక్కుకుని ఉందో, మోకాలి లోతు దాటితే ఏ రాయి దగ్గర కాలు నిలవదో ఆ దారిన రోజూ తిరిగే వాచరు చూపిస్తాడు, బ్రష్షు అతడి చేతికే ఇస్తే సరిపోతుంది. నైరుతి రుతుపవనాలు జూన్‌లో వస్తాయి. రంగు ఆరడానికి ఎండ కావాలి గనుక మే నెలలోనే ఆ పని కావాలి.